అమ్మ ఫిజియోథెరపీ ప్యాకేజీల 14 సిట్టింగులు మిగిలినయ్, తారీఖు దాటితే పైసలు పోయినట్టేనా?

పానగల్ పోరడు
ఫిబ్రవరి 4, రాత్రి 9:40

అందరికి నమస్తే. పోస్టు జర పెద్దగున్నది, ఓపికతోని చదువుండ్రి.

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు శాన ఏండ్ల సంది ఉన్నయ్, మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పాతోళ్ల కీళ్ల సంగతి మీకు చెప్పేదేముంది. పోయిన ఆగస్టుల నల్గొండల ఒక ఫిజియోథెరపీ సెంటర్‌కు తీస్కపోయిన. విడిగ వస్తే సిట్టింగ్‌కు 900, ప్యాకేజీ తీస్కుంటే 20 సిట్టింగులు 12,000కే అన్నరు, అంటే ఒక్కోటి 600 పడుతది గదా అని అక్కడికక్కడ యూపీఐ కొట్టిన. పైసలు పడ్డంక ఒక అట్ట కార్డు ఇచ్చిన్రు, దాని మీద 20 గడులు, పోయినప్పుడల్ల ఒక గడిల ముద్ర ఏస్తరు.

ఆరు ముద్రలు పడ్డయ్. దసరాకు అమ్మ మా అక్క వాళ్ల దగ్గరికి ముంబై పోయింది, అక్కడ బాత్రూంల జారిపడి తుంటి విరిగింది, ఆపరేషన్ గూడ అక్కడ్నే అయింది. ఇప్పట్ల రైలెక్కుడు కారెక్కుడు వద్దన్నరు డాక్టర్లు. కార్డు గడువేమో ఏప్రిల్ 10. ఎనకకు తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాలల్ల 'డబ్బు వాపసు ఇవ్వబడదు, ఇతరులకు మార్చబడదు, గడువు పొడిగించబడదు' అని ఉన్నది.

నిన్న పోయి అడిగిన. మా చిన్నమ్మ గూడ మోకాళ్లతోనే బాధపడుతుంది, పోనీ ఆమెకన్న చెయ్యుండ్రి అంటే కౌంటర్ల ఉన్న అమ్మాయి పేరు మార్చుడు కుదరదు సార్ అని ఒక్కటే మాట. నేను మిల్లుల లెక్కలు రాస్త, 8,400 నాకు చిన్న పైసలు కాదు. ఇట్లాంటిది ఎవరికన్న అయిందా, ఏం చేసిన్రు?


నార్కట్‌పల్లి జంక్షన్
ఫిబ్రవరి 4, రాత్రి 10:05

అమ్మకు తొందరగ నయం గావాలె తమ్మీ. కానీ కార్డు మీద రాసి ఉంటే అయిపోయినట్టే గదా. నేను ఒక రిసార్ట్ వోచర్ కొని ఇట్లనే 6,000 పోగొట్టుకున్న, రాసి ఉంది చూస్కోండి అన్నరు, నోరు మూస్కొని వచ్చిన. నువ్వేమన్న సంతకం పెట్టినవా?


పానగల్ పోరడు
ఫిబ్రవరి 4, రాత్రి 10:12

లేదన్నా, సంతకం ఏం లేదు. పైసలు కట్టినంకనే కార్డు చేతికిచ్చిన్రు, అంతకుముందు గడువు గిడువు అని ఎవరు చెప్పలే. చెప్తే అప్పుడే ఆలోచించేటోన్ని, పది సిట్టింగులదే తీస్కునేటోన్ని.


వకీలు నల్గొండ
ఫిబ్రవరి 4, రాత్రి 11:20

పానగల్ తమ్మీ, 'వాపసు లేదు' అని అచ్చేసినంత మాత్రాన అది చట్టం అయిపోదు. అట్లని నిన్ను ఉబ్బియ్య, రెండు దిక్కుల మాట చెప్త.

ముందు నీకు ఎదురొచ్చేది. సెంటర్ తెరిచే ఉంది, మనుషులున్నరు, మేం చెయ్యం అని వాళ్లు అనలేదు, రాలేకపోయింది మీరు. అందుకే దీన్ని నేరుగ సేవాలోపం అనలేం. కేసు పడితే వాళ్ల వకీలు మొదలు ఎత్తేది ఇదే.

ఇగ నీ దిక్కు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినంక (2020 జులై 20 నుంచి అమల్ల ఉంది, 1986 నాటిది పోయింది) అన్యాయమైన ఒప్పందం అనేదాన్ని కొత్తగ పెట్టిన్రు, 2(46) సెక్షన్ల. కొన్నోడు ఒప్పందం తప్పితే అవతలోళ్లకు నిజంగ ఎంత నష్టమైందో దానికి పొంతన లేకుండ జరిమానా ఏస్తే అది దీని కిందికి వస్తది. 14 సిట్టింగుల పని జరగనే లేదు, ఫిజియో చెయ్యి పడలే, కరెంటు కాలలే, అయినా మొత్తం 8,400 మాకే అంటే మీకైన నష్టమెంత అని అడిగే హక్కు నీకున్నది. 1872 కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ గూడ అదే చెప్తది, కాయితం మీద ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే.

మెలిక ఎక్కడున్నదంటే, ఒప్పందమే అన్యాయం అనే ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్ల నడవదు, 47వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర కమిషన్‌కు, అంటే హైదరాబాదుకే పోవాలె. ఎనిమిది వేల కోసం ఎవరూ పోరు. నల్గొండ జిల్లా కమిషన్లనే నడవాలంటే అనుచిత వ్యాపార పద్ధతి అనే దారి పట్టాలె. నీకు అందుల బలమున్న మాట ఒకటుంది: షరతులు పైసలు తీస్కోకముందు చూపియ్యలే, ఎనక చేతిల పెట్టిన్రు.

బిల్లు ఇచ్చిన్రా? బిల్లు ఇయ్యకపోవుడు గూడ ఆ చట్టం 2(47) ప్రకారం తప్పే.


పానగల్ పోరడు
ఫిబ్రవరి 5, పొద్దున 7:15

బిల్లు ఇయ్యలే సార్. యూపీఐ మెసేజ్ ఉంది, కార్డుంది, అంతే. ఇయ్యాల పోయి అడుగుత.


జడ్చర్ల జిమ్
ఫిబ్రవరి 5, పొద్దున 8:50

నేను జడ్చర్లల చిన్న జిమ్ నడుపుత, అవతలి దిక్కు మాట గూడ ఒకరు చెప్పాలె గదా. ఏడాదికి 9,000 అని మేం చెప్పే రేటు మొత్తం ఒక్కసారి వస్తదన్న నమ్మకం మీద చెప్పేది, ఆ పైసలతోనే కిరాయి అడ్వాన్స్, మెషిన్ల ఈఎంఐ, ట్రైనర్ జీతం. జనవరిల జోష్ మీద చేరి మార్చిల మానేసి మిగిలిన తొమ్మిది నెలలవి ఇయ్యి అంటే మేం ఎక్కడ తెచ్చియ్యాలె? రావాలని లేక మానేసినోడు వేరు, రాలేకపోయినోడు వేరు.

ఈ తమ్ముడి సంగతి రెండోది. నా దగ్గర ఆపరేషన్ అయినోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు డాక్టర్ చీటీ తెస్తే కార్డు ఫ్రీజ్ చేస్త, ఎన్ని నెలలు రాలేదో అన్ని నెలలు ఎనకకు జరుగుతది. పేరు మార్చుడు గూడ చేస్త, ఇంట్ల వాళ్లకైతే ఉత్తగనే. నాకు పోయేదేం లేదు, ఆ మనిషి రేపు నలుగురికి చెప్తడు. కౌంటర్ల అమ్మాయిని అడిగితే ఆమె చేతుల ఏముంటది, నేరుగ ఓనర్‌ను అడుగు. డాక్టర్ కాయితం తీస్కపో.


పాలమూరు అక్క
ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 1:30

జిమ్ అన్నా, మీలాంటోళ్లు ఉంటే మంచిదే గానీ అందరు అట్ల లేరు. మహబూబ్‌నగర్ల మా ఇంటి దగ్గర ఆడోళ్ల ఫిట్‌నెస్ సెంటర్ పెట్టిన్రు, ఏడాదికి 8,000, నేను మా చెల్లె ఇద్దరం కట్టినం, మూడో నెలల ఒక సోమవారం పోయేసరికి షట్టర్‌కు తాళం. వాట్సప్ గ్రూపుల 'రెనోవేషన్, వారం ఆగండి' అని ఒక మెసేజ్, ఆ తర్వాత ఫోన్ బంద్. మస్తు మంది ఊకున్నరు, పోనీతీ అనుకున్నరు. మాకు మాత్రం ఊకోబుద్ధి కాలే, ఇద్దరివి కలిపి 16,000, ఇంటి ఖర్చుల్లకెళ్లి నెలకింత దాసి కట్టినవి.

1915కు ఫోన్ కొట్టిన. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగుల మాట్లాడిన్రు. యూపీఐ స్క్రీన్‌షాట్, గ్రూపు మెసేజులు, తాళం ఏసిన షట్టర్ ఫోటో అన్ని పెట్టిన. రెండు వారాలకు ఆ సెంటర్ పార్ట్‌నర్ ఒకాయన ఆయనంతట ఆయనే ఫోన్ చేసిండు, మిగిలిన నెలల లెక్క కట్టి రెండు విడతల ఇచ్చిండు. ఊకున్నోళ్లకు ఒక్కరికి రూపాయి రాలే, అడిగినోళ్లకే వచ్చినయ్. తమ్మీ, నువ్వు అడుగు, ఊకె ఉండకు.


వకీలు నల్గొండ
ఫిబ్రవరి 5, సాయంత్రం 6:10

పాలమూరు అక్కది అసలైన సేవాలోపం, దుకాణమే మూసేసిన్రు, అందుల వాదనే లేదు. ఒక మాట గుర్తుపెట్టుకోండి, 1915 కోర్టు కాదు, మన ఫిర్యాదు అవతలోళ్లకు పంపి మాట్లాడిస్తది, అంతవరకే. అవతలోడు విననే వినకపోతే కమిషన్‌కే పోవాలె.

పోవుడు గూడ మీరనుకున్నంత కష్టం కాదు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకున్నా మీరే నిలబడి మాట్లాడుకోవచ్చు, ఇంట్ల కూసోని ఆన్‌లైన్ల వెయ్యొచ్చు. ఇంకో పెద్ద సంగతి, 2019 చట్టం వచ్చినంక మీరు ఉండే ఊరు లేదంటే పని చేసే ఊరు ఏ జిల్లా కమిషన్ కిందికి వస్తదో అక్కడ్నే వెయ్యొచ్చు, బెంగళూరు కంపెనీ వోచర్ అయినా మీరు అక్కడికి ఉరుకవల్సిన పని లేదు. గొడవ మొదలైన నాటి నుంచి రెండేండ్ల లోపల వెయ్యాలె.


నార్కట్‌పల్లి జంక్షన్
ఫిబ్రవరి 5, సాయంత్రం 6:45

రెండేండ్లా సార్! నా రిసార్ట్ వోచర్ గడువు అయిపోయి ఏడాదే అయింది. వాళ్లు శని ఆదివారాలు ఖాళీ లేదు ఖాళీ లేదు అని ఐదారు సార్లు తిప్పిన్రు, ఆ మెసేజులన్ని ఫోన్లనే ఉన్నయ్.


వకీలు నల్గొండ
ఫిబ్రవరి 5, సాయంత్రం 6:58

అయితే మీ కేసు తమ్మునిదానికంటె గట్టిది. మీరు పోతమన్నా వాళ్లు రూమ్ ఇయ్యలే, రాసుకున్న సేవ అడిగినప్పుడు ఇయ్యలే. ఆ మెసేజులు ఇయ్యాల్నే ఇంకో చోట దాసుకోండి, ఫోన్ మారితే పోతయ్.


గద్వాల చీర
ఫిబ్రవరి 5, రాత్రి 9:00

మధ్యల అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. మా బిడ్డకు కంపెనీల 5,000 గిఫ్ట్ కార్డు ఇచ్చిన్రు, అది ఒక బ్యాంకు పేరు మీదున్నది, ఏ షాపుల అయినా గీకొచ్చంట. మార్చి 31కి అయిపోతది, ఇప్పటిదాక ముట్టుకోలే. ఇది గూడ పోయినట్టేనా?


దేవరకొండ బ్యాంకు
ఫిబ్రవరి 5, రాత్రి 9:35

అమ్మా, మీ బిడ్డ కార్డు సంగతి వేరు, పానగల్ తమ్ముని కార్డు సంగతి వేరు. ఒక్క షాపోడు ఇచ్చి ఆ షాపుల్నే చెల్లే కార్డు మీద ఆర్బీఐ పెత్తనం ఉండదు. బ్యాంకు గానీ ఆర్బీఐ పర్మిషన్ ఉన్న కంపెనీ గానీ ఇచ్చి పది చోట్ల నడిచేదైతే దానికి ఆర్బీఐ 2021 ఆగస్టు 27న ఇచ్చిన ప్రీపెయిడ్ రూల్స్ పనిచేస్తయ్. వాటి ప్రకారం గడువు ఏడాదికి తక్కువ పెట్టరాదు. గడువు దగ్గర పడినప్పుడు ఆఖరి 45 రోజులల్ల మెసేజో మెయిలో పంపి హెచ్చరించాలె. గడువు దాటినా మిగిలిన పైసల్ని మూడేండ్ల దాక కంపెనీ తన లాభంల కలుపుకోవద్దు, ఆ లోపల వచ్చి అడిగితే బ్యాంకు ఖాతాలకు ఇయ్యాలె.

గిఫ్ట్ కార్డుకు మాత్రం ఇంకొన్ని పట్టింపులున్నయ్, 10,000 కంటె ఎక్కువ ఉండరాదు, మల్ల పైసలు ఎక్కియ్యరాదు, నగదుగ తీయరాదు. అందుకే దాని విషయంల వాపసు కోసం ఎదురుచూసుడు కంటె మార్చి లోపల వాడుకునుడే మేలు. ఇంట్లకు బియ్యం, నూనె తెచ్చుకున్నా అయిపాయె. బ్యాంకు మాట వినకపోతే ఆర్బీఐ ఓంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి ఉన్నడు, 14448 నంబరు.


సూర్యాపేట ఖాతా
ఫిబ్రవరి 5, రాత్రి 10:20

నేను అకౌంట్లు రాసేటోన్ని, ఈ వాడని వోచర్ల మీద ఒక ముచ్చట చెప్పాలె, నన్ను శాన రోజుల సంది తొలుస్తున్నది. అమ్ముడుపోయి వాడకుండ మిగిలిన కార్డుల సొమ్మును మా లెక్కల్ల బ్రేకేజ్ అంటరు. పెద్ద పెద్ద కంపెనీలు ఇంత శాతం మంది రారు అని ముందే అంచనా కట్టుకుంటయ్. దాని మీద జీఎస్టీ పడుతదా లేదా అని ఏండ్లపాటు గొడవ నడిచింది, ఆఖరికి 2024 డిసెంబర్ 31న సర్క్యులర్ ఇచ్చిన్రు, వాడని వోచర్ సొమ్ము మీద జీఎస్టీ లేదు అని. ఎందుకు లేదంటే, అక్కడ సరుకూ ఇయ్యలే, సేవా చెయ్యలే, ఇంక పన్ను దేని మీద ఏస్తరు అని.

జర ఆలోచించుండ్రి. పన్ను అడిగితే మేం సేవ చెయ్యలే అంటరు, మనం పైసలడిగితే సేవకు కట్టిన పైసలు అవి, వాపసు రావు అంటరు. చెయ్యని పనికి పైసలు ఎవరివి? నాకైతే ఇది సరిగ్గ లేదనిపిస్తది. చట్టంల దీని మీద సూటిగ ఒక లైన్ ఉండాలె, ఇంత గడువు, ఇంత వాపసు అని.


హాలియా ఇల్లు
ఫిబ్రవరి 6, పొద్దున 6:40

ఖాతా అన్నా, బంగారం స్కీముల గూడ గిట్లనేనా? నెలకు 3,000 కడుతున్న ఒక పెద్ద షోరూంల, 7 నెలలు అయింది, 21,000. ఇంట్ల కష్టమొచ్చి ఆపుదాం అంటే మజూరి మీద డిస్కౌంట్ రాదు, పైసలు గూడ ఇయ్యం, నగ తీస్కో అంటున్నరు. అయినా ఈ స్కీములన్ని 11 నెలలే ఎందుకుంటయో గూడ నాకు సమజ్ కాదు.


సూర్యాపేట ఖాతా
ఫిబ్రవరి 6, పొద్దున 8:10

11 నెలలకు కారణం ఉన్నదక్కా. కంపెనీల చట్టం కింద 2014ల డిపాజిట్ల రూల్స్ వచ్చినయ్. సరుకు ఇస్తమని తీస్కున్న అడ్వాన్స్‌ను 365 రోజుల లోపల ఆ సరుకు కింద జమ చెయ్యాలె, దాటితే అది డిపాజిట్ లెక్కల పడుతది, అప్పుడు వాళ్లకు వంద నిబంధనలు మీద పడుతయ్. అందుకే 11 నెలలు కట్టిచ్చుకొని పన్నెండో నెలల నగ ఇచ్చేస్తరు.

డిస్కౌంట్ రాకపోవుడు మీరు మధ్యల ఆపినందుకు, దాన్ని తప్పు పట్టలేం. కట్టిన 21,000 మాత్రం మీ అడ్వాన్సే, అది ఎక్కడికి పోదు. చేరినప్పుడు ఇచ్చిన పాస్‌బుక్ ఎనక షరతులు చదువుండ్రి, కొన్ని షోరూంలు మెచూరిటీ తారీఖున కట్టినంత నగదు ఇస్తయ్, కొన్ని కట్టినంత బంగారం ఇస్తయ్. నగనే తీస్కునుడు అయితే మజూరి తక్కువ పడే నాణెం అడుగుండ్రి.


కల్వకుర్తి టీచర్
ఫిబ్రవరి 6, సాయంత్రం 5:30

తమ్మీ, పేరు మార్చుడు అసలు లోకంల లేనిదేం కాదు. కరోనా లాక్‌డౌన్ల విమానాలు బంద్ అయినప్పుడు కంపెనీలు పైసలకు బదులు క్రెడిట్ షెల్ అని ఇచ్చినయ్, మల్ల ఎప్పుడన్న ఎక్కుండ్రి అని. మా తమ్ముడు దుబాయ్ నుంచి రావల్సిన టికెట్ గూడ అట్లనే ఇరుక్కున్నది, అందుకే నాకు గుర్తు. సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న తీర్పు ఇచ్చింది. పైసలు ఇయ్యలేని స్థితిల ఉన్న కంపెనీ క్రెడిట్ షెల్ ఇయ్యొచ్చు గానీ దాన్ని ప్రయాణికుడు ఎవరికన్న బదిలీ చేసుకోవచ్చు, 2021 మార్చి 31 దాక వాడకపోతే పైసలే వాపసు ఇయ్యాలె, ఆలస్యానికి మొదట నెలకు 0.5 శాతం, 2020 జూన్ 30 తర్వాత నెలకు 0.75 శాతం కలిపి అని.

ఇంకోటి, 2024 అక్టోబర్ల వినియోగదారుల రక్షణ అథారిటీ, సీసీపీఏ అంటరు, ఓలా క్యాబ్ వాళ్లకు ఆదేశం ఇచ్చింది. రీఫండ్ అంటే కూపన్ ఇచ్చి చేతులు దులుపుకునుడు కాదు, బ్యాంకు ఖాతాల కావాల్నా కూపన్ కావాల్నా అని జనాన్ని అడగాలె అని.


వకీలు నల్గొండ
ఫిబ్రవరి 6, రాత్రి 8:00

టీచర్ గారు చెప్పినవి రెండు నిజమే, కానీ తమ్మీ, నువ్వు సెంటర్‌కు రాసే ఉత్తరంల అవి పెట్టకు. అక్కడ విమానం రద్దైంది, ఇక్కడ సెంటర్ తెరిచే ఉన్నది, వాళ్లకు ఎవడన్న వకీలుంటే ఆ తేడా పట్టుకుంటడు. నీ బలం నీ డాక్టర్ కాయితం, నీ 14 ఖాళీ గడులు, ఇంకా రెండు నెలల గడువు చేతిల ఉండుడు. ఏప్రిల్ 11న రాసే ఉత్తరానికి, ఫిబ్రవరిల రాసే ఉత్తరానికి భూమికి ఆకాశానికి ఉన్నంత తేడా ఉంటది. గడువు లోపల రాస్తే 'నేను అడిగిన, మీరు కాదన్నరు' అని కాయితం మీద ఉంటది.


పానగల్ పోరడు
ఫిబ్రవరి 7, రాత్రి 10:30

బిల్లు అడిగిన, మొదలు సతాయించిన్రు, ఆఖరికి ఇచ్చిన్రు, దాని మీద 'ఫిజియోథెరపీ ప్యాకేజీ, 20 సిట్టింగులు, 12,000' అని ఉంది. గడువు ముచ్చట బిల్లు మీద లేనే లేదు. ఓనర్ హైదరాబాదుల ఉంటడంట, ఫోన్ నంబరు ఇయ్యలే. ఉత్తరం రాసిన, చూసి చెప్పుండ్రి:

'అయ్యా, ఆగస్టు 10న మా అమ్మ పేరు మీద 12,000 కట్టి 20 సిట్టింగుల ప్యాకేజీ తీసుకున్నాను. మీరు మమ్మల్ని మోసం చేశారు. పైసలు కట్టకముందు గడువు సంగతి చెప్పలేదు. మా అమ్మ తుంటి విరిగి ముంబైలో మంచం మీద ఉంటే మీ స్టాఫ్ కనికరం లేకుండా మాట్లాడారు. నా 8,400 వెంటనే ఇవ్వాలి, లేకపోతే మీ సెంటర్ గురించి అందరికీ చెప్తాను.'


జడ్చర్ల జిమ్
ఫిబ్రవరి 7, రాత్రి 10:50

తమ్మీ, కోపం నాకు అర్థమైతది గానీ ఇది నా చేతికి వస్తే నేను జవాబు ఇయ్య, నేరుగ వకీలుకు ఇస్త. మోసం అనే మాట తీసెయ్. అందరికి చెప్త అనుడు బెదిరిచ్చినట్టైతది. ఏం కావాల్నో ఒకటికి మూడు దారులు చూపియ్, ఒకటన్న వాళ్లకు తేలికగ అనిపిస్తది.


పాలమూరు అక్క
ఫిబ్రవరి 7, రాత్రి 11:05

అవును, పేరు మార్చుడు ముందు పెట్టు, అది వాళ్లకు జేబుల్లకెళ్లి పైస తీసే పని కాదు గనక ఒప్పుకుంటరు. జవాబుకు తారీఖు పెట్టు.


పానగల్ పోరడు
ఫిబ్రవరి 8, పొద్దున 9:20

మల్ల రాసిన:

'అయ్యా, ఆగస్టు 10న మా అమ్మ పేరు మీద 12,000 చెల్లించి 20 సిట్టింగుల ప్యాకేజీ తీసుకున్నాం. 6 సిట్టింగులు అయినవి, 14 మిగిలినవి. అక్టోబర్‌లో అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, డాక్టర్ కాగితం జత చేస్తున్నాను. గడువు, వాపసు షరతులు డబ్బు కట్టకముందు మాకు చెప్పలేదు, బిల్లు మీద కూడా లేవు. కాబట్టి మిగిలిన 14 సిట్టింగులు మా చిన్నమ్మ పేరుకు మార్చి గడువు ఆరు నెలలు పెంచాలని, లేదా అమ్మ తిరిగి వచ్చేదాకా కార్డు ఆపి ఉంచాలని, ఈ రెండూ కుదరకపోతే 8,400 వాపసు ఇవ్వాలని కోరుతున్నాను. ఫిబ్రవరి 25 లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.'


వకీలు నల్గొండ
ఫిబ్రవరి 8, పొద్దున 10:00

ఇది ఉత్తరం అంటే. స్పీడ్ పోస్ట్‌ల పంపు, రసీదు దాసుకో, కార్డు రెండు దిక్కుల ఫోటోలు తీయి. సెంటర్ వాట్సప్ నంబరుకు గూడ ఇదే పెట్టు.


పానగల్ పోరడు
ఫిబ్రవరి 24, రాత్రి 9:15

అందరికి చెప్పాలె. పదిరోజులు ఏ జవాబు లేదు, ఆగలేక 1915ల గూడ ఫిర్యాదు పెట్టిన. నిన్న ఓనరే ఫోన్ చేసిండు, మంచిగనే మాట్లాడిండు, అమ్మ ఎట్లుంది అని అడిగిండు. రెండు చెప్పిండు. పైసలే కావాలంటే 6,600 ఇస్తడంట. లెక్క ఏందంటే, ప్యాకేజీ మధ్యల ఆపితే అయిపోయిన 6 సిట్టింగులు విడి రేటుకు, 900 చొప్పున 5,400, అది పోను మిగిలింది. లేదంటే చిన్నమ్మ పేరుకు 14 సిట్టింగులు మారుస్తడంట. 1,800 ఎందుకు పోవాలె అని నాకున్నది. ఏం చెయ్యాలె?


జడ్చర్ల జిమ్
ఫిబ్రవరి 24, రాత్రి 9:40

ఆ లెక్కల అన్యాయం లేదు తమ్మీ. 600 రేటు 20కి ఇచ్చింది, ఆరుకు కాదు. నేనైనా అట్లనే కడుత.


పాలమూరు అక్క
ఫిబ్రవరి 24, రాత్రి 9:55

ఎందుకు లేదన్నా? ఆపాలని ఆపిన్రా, ఎముక విరిగితే ఆగింది. ముందు చెప్పని 900 లెక్క ఇప్పుడు ఎక్కడికెళ్లి వచ్చె?


వకీలు నల్గొండ
ఫిబ్రవరి 24, రాత్రి 10:30

తమ్ముడే మొదటి పోస్టుల రాసిండు, విడిగ 900 అని ముందే చెప్పిన్రు అని. అది రేటు బోర్డు మీద గూడ ఉంటే కమిషన్ల వాళ్ల లెక్క నిలబడొచ్చు. చట్టం ప్రకారం మూడు నెలల్ల తేల్చాలె గానీ తారీఖుల మీద తారీఖులు పడుతయ్, 1,800 కోసం నువ్వు మిల్లు పని ఇడిసిపెట్టి తిరిగితే కూలి పోతది. నీ చిన్నమ్మకు నిజంగ వైద్యం కావాలె అన్నవ్, అట్లైతే 14 సిట్టింగులే తీస్కో, విడి రేటుల అవి 12,600 విలువ. ఒక్కటే షరతు, ఏం చేసినా సెంటర్ లెటర్‌హెడ్ మీద ముద్రతోని రాయించుకో, ఫోన్ల చెప్పిన మాటకు విలువ లేదు.


పాలమూరు అక్క
ఫిబ్రవరి 24, రాత్రి 10:38

కొత్త గడువు తారీఖు గూడ అంకెలల్ల రాయించుకో.


పానగల్ పోరడు
మార్చి 3, రాత్రి 8:50

రాయించుకున్న. చిన్నమ్మ పేరు, 14 సిట్టింగులు, అక్టోబర్ 10 దాక, కింద సంతకం, ముద్ర. కౌంటర్ల అమ్మాయికి గూడ ఓనర్ చెప్పినట్టున్నడు, ఇప్పుడు పైసలు కట్టేటోళ్లకు ముందే గడువు కాయితం చూపిస్తుంది, నేను అక్కడున్నప్పుడే ఒకాయనకు చూపిచ్చింది. నిన్న పొద్దుగాల చిన్నమ్మకు మొదటి ముద్ర పడ్డది, 13 మిగిలినయ్. సాయంత్రం ముంబైకి వీడియో కాల్ కలిపిన, కార్డు చూపిస్తే అమ్మ చిన్నమ్మను ఒక్కటే అడిగింది, వేడి కాపడం పెట్టిన్రా అని.


నార్కట్‌పల్లి జంక్షన్
మార్చి 3, రాత్రి 9:10

మంచిగైంది తమ్మీ. నేను గూడ నిన్న రిసార్ట్‌కు ఉత్తరం పంపిన, నీదే చూసి రాసిన. రసీదు ఫోటో తీసి పెట్టుకున్న.


గద్వాల చీర
మార్చి 3, రాత్రి 9:30

మా బిడ్డ కార్డు అయిపోయింది దేవరకొండ సారూ. 4,870కి మిక్సీ తెచ్చింది, 130 మిగిలితే పప్పు కొన్నది.